పెంకి సహపాఠి – తోటి పిల్లలు: ఒక పరిశీలన

దాదాపు ప్రతి తరగతిలోను ఒక పిల్లవాడుంటాడు. హాజరుపట్టీలో అతని పేరు ఎక్కడున్నా, ఫిర్యాదులలో మాత్రం మొదట వినవచ్చేది అతని పేరే. పక్కవాని పెన్సిలు లాక్కుంటాడు. నీళ్ళకుండ దగ్గర వరుసను త్రోసుకొని ముందుకు వస్తాడు. ఆటలో ఓడిపోతే బంతి పట్టుకొని వెళ్ళిపోతాడు. పాఠం నడుస్తుండగా అర్థంలేని కేక వేస్తాడు. కొన్ని తరగతులలో అతని స్థానంలో ఒక బాలిక వుంటుంది. ఆమె కేకలు వేయదు. కాని పలకరించినవారిని కసురుకుంటుంది, జట్టులోకి పిలిస్తే ముఖం త్రిప్పుకుంటుంది, నమ్మి చెప్పిన మాటను నలుగురిలో బయటపెడుతుంది.

ఇట్టి పిల్లలను ఏమి చేయాలన్న విషయం మీద ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు తరతరాలుగా తలలు పట్టుకొంటూనే వున్నారు. గోడకుర్చీ వేయించుట, బెంచీ మీద నిలబెట్టుట, తండ్రిని పిలిపించుట, చివరకు బడి మాన్పించుట – ఇవి మనకు తెలిసిన ఉపాయాలు. కాని అదే గదిలో కూర్చున్న మిగిలిన పిల్లలు ఈ వ్యవహారమంతా చూస్తూ ఏమి నేర్చుకుంటున్నారు? ఈ ప్రశ్నను మనం అరుదుగా వేసుకుంటాము. 40 మంది గల తరగతిలో ఒక్కని ప్రవర్తన ఎంత ముఖ్యమో, ఆ ఒక్కనితో ఎలా మెలగాలో 39 మంది నేర్చుకోవడం అంతకన్న ముఖ్యం. ఎందుకనగా, రేపు కార్యాలయంలోను, ఇరుగుపొరుగులోను, సొంత కుటుంబంలోను వారికి ఇట్టి మనిషి ఎదురుకాక తప్పదు. అప్పుడు పిలిపించడానికి అతని తండ్రి వుండడు. ఫిర్యాదు చేయడానికి ఉపాధ్యాయుడు వుండడు.

మన కళాశాలలో చదువుతున్నవారిలో పలువురు రేపు ఉపాధ్యాయ వృత్తిని చేపట్టనున్నారు. అందరును ఏదో ఒకనాటికి తల్లులో తండ్రులో కానున్నారు. కావున ఈ విషయాన్ని గురించి మనోవిజ్ఞాన శాస్త్రం కనుగొన్న కొన్ని సత్యాలను, వాటిని మన తరగతి గదులకు అన్వయించే విధానాన్ని ఇక్కడ పరిశీలిద్దాము.

పేరు చేసే పని

మన భాషలలో ఇట్టి పిల్లవానికి పేర్ల కొరత లేదు. తెలుగులో అల్లరివాడు, పెంకివాడు, మొండివాడు, తుంటరి, ఆకతాయి అంటాము. ముద్దు కలిసినప్పుడు గడుగ్గాయి అంటాము. ఉర్దూలో జిద్దీ అని, బద్‌తమీజ్ అని, షరీర్ అని అంటారు. ఈ చివరి మాటను ఉర్దూ లిపిలో వ్రాసి చూచినచో ఒక చిత్రమైన విషయం కనబడుతుంది. అల్లరివాడనే అర్థంగల ‘షరీర్’కు, మర్యాదస్థుడనే అర్థంగల ‘షరీఫ్’కు మొదటి మూడు అక్షరాలు ఒక్కటే – షీన్, రే, యే. కడపటి అక్షరం మాత్రమే వేరు. ధాతువులు వేరైనా, కంటికి ఆ రెండు మాటలు తోబుట్టువులవలె కనబడతాయి. పిల్లలు కూడ ఇంతే. ఒకనికి ఒక పేరు, రెండవవానికి మరొక పేరు అంటించిన తరువాత వారి నడుమ వున్న పోలికలన్నీ మన దృష్టినుండి మరుగవుతాయి.

ఒకమారు అంటిన పేరు ఊరక వుండదు. పని చేయడం మొదలుపెడుతుంది. అమెరికా మనోవిజ్ఞానవేత్త కెన్నెత్ డాడ్జ్ 1980లో ప్రకటించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టపరిచింది. దుందుడుకువారని పేరుపడిన బాలురను, అట్టి పేరు లేని బాలురను తీసుకొని ఆయన వారి ప్రతిస్పందనలను పోల్చి చూచాడు. తనకు జరిగిన నష్టం ఎదుటివాడు కావాలని చేసిందో, పొరపాటున జరిగిందో తేటగా తెలియనప్పుడు, దుందుడుకు బాలుడు దానిని కావాలని చేసినదిగానే భావించి ప్రతీకారానికి దిగుతున్నాడని తేలింది. ఇది పిల్లవాని లోపం. కాని అదే అధ్యయనంలో మరొక సంగతి కూడ బయటపడింది. అట్టి పేరు పడ్డ బాలుని చేత అదేవిధమైన నష్టం జరిగినప్పుడు, తోటి పిల్లలు కూడ అతడు కావాలనే చేశాడని తీర్పు చెప్పారు. మంచివాడని పేరున్నవాడు అదే పని చేస్తే పొరపాటన్నారు.

దీని భావమేమి? సిరా ఒలికింది. ఒలకబోసినవాడు మంచివాడైతే “పాపం, చెయ్యి తగిలింది” అంటారు. పెంకివాడైతే “చూడండి సార్, మళ్ళీ వాడే” అంటారు. ఆ రెండవ మాట విన్న పిల్లవాడు అందరూ తనకు శత్రువులేనని నమ్ముతాడు. నమ్మి, మరునాడు నిజంగానే కొడతాడు. దానితో తరగతివారి నమ్మకం కూడ రుజువవుతుంది. ఒక చేయి తట్టితే చప్పుడు కాదని మన పెద్దలు అన్నమాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కావున తోటి పిల్లలు నేర్వవలసిన మొదటి పాఠం ఇది: తీర్పు చెప్పేముందు “ఏమి జరిగింది?” అని అడగడం. “ఎవరు చేశారు?” అన్న ప్రశ్న ఆ తరువాతిది.

ఉపదేశం చాలునా?

“అందరూ స్నేహంగా వుండండి” అని చెప్పడం తేలిక. ప్రార్థన సమయంలో చెబుతాము, నీతిపాఠంలో చెబుతాము, గోడ మీద వ్రాయిస్తాము. ఇట్టి ఉపదేశానికి గల శక్తి ఎంత స్వల్పమో తెలుసుకొనడానికి ముజఫర్ షెరీఫ్ పరిశోధనలను చూడవచ్చును. ఈయన 1906లో టర్కీలో జన్మించి, అమెరికాలో స్థిరపడిన మనోవిజ్ఞానవేత్త. 1954 వేసవిలో ఓక్లహోమా రాష్ట్రంలోని రాబర్స్ కేవ్ అనే అటవీ ప్రాంతంలో 11 సంవత్సరాల వయస్సుగల 22 మంది బాలురకు శిబిరం ఏర్పాటు చేసి, వారిని రెండు జట్లుగా విడదీశాడు. బహుమతుల కొరకు పోటీలు పెట్టగానే రెండు జట్ల మధ్య తిట్లు, కొట్లాటలు, జెండాలు తగులబెట్టుట మొదలైనాయి.

తరువాత వారిని కలపాలని ఒకే చోట భోజనాలు పెట్టించారు, కలిపి సినిమాలు చూపించారు. ఫలితం శూన్యం. ఒకే భోజనశాలలో కూర్చోబెడితే వారు ఒకరిపై ఒకరు అన్నపానీయాలు విసురుకున్నారు. పరిస్థితిని మార్చింది మరొకటి. శిబిరానికి మంచినీళ్ళు ఆగిపోయినాయి. లోపం ఎక్కడున్నదో రెండు జట్లూ కలిసి వెదకవలసి వచ్చింది. మంచి సినిమా తెప్పించుకొనడానికి ఏ ఒక్క జట్టు డబ్బులూ చాలవు. రెండు జట్లూ చందా వేసుకోవలసి వచ్చింది. ఆహారం తీసుకురావలసిన లారీ కదలక మొరాయించింది. దానికి త్రాడు కట్టి అందరూ కలిసి లాగారు. ఆ త్రాడు అంతకుముందు రెండు జట్లూ పోటీపడి చెరొక వైపుకు లాగిన త్రాడే. శిబిరం ముగిసిన నాడు తిరుగు ప్రయాణంలో ఒక జట్టువారు తమకు బహుమతిగా వచ్చిన 5 డాలర్లతో అందరికీ పానీయాలు కొనిపెట్టారు.

అంతకుముందటి సంవత్సరం, అనగా 1953లో, న్యూయార్క్ రాష్ట్రంలో షెరీఫ్ ఇట్టి శిబిరమే ఒకటి నడిపి మధ్యలో ఆపివేశాడు. అక్కడ బాలురను జట్లుగా విడదీయుటకు ముందే వారికి పరస్పరం పరిచయం కలిగింది. అటు తరువాత శిబిర నిర్వాహకులు ఎంత ప్రయత్నించినా వారు శత్రువులు కాలేదు. ఈ రెండు శిబిరాలను కలిపి చూస్తే తేలేది ఒక్కటే. పిల్లలను దగ్గర కూర్చోబెట్టినంత మాత్రాన చెలిమి కలగదు. ఒకరు లేనిదే మరొకరికి జరగని పని వారి చేతికి అందాలి.

ముక్కల బొమ్మ పద్ధతి

జట్ల విషయంలో షెరీఫ్ కనుగొన్న ఈ సూత్రాన్ని తరగతి గదిలో ఒక్క పిల్లవాని విషయంలో ఆచరించి చూపినవాడు ఎలియట్ ఆరన్సన్. 1971లో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో అంతవరకు వేరువేరు బడులలో చదివిన తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ సంతతి పిల్లలను ఒకే తరగతులలో చేర్చారు. తగవులు చెలరేగాయి. విశ్వవిద్యాలయ ఆచార్యుడైన ఆరన్సన్‌ను, ఆయన విద్యార్థులను సహాయానికి పిలిచారు. వారు తరగతి వెనుక కూర్చొని గమనించగా ఒక విషయం కనబడింది. ఉపాధ్యాయుడు ప్రశ్న అడుగుతాడు. పది చేతులు లేస్తాయి. ఒకరికి అవకాశం వస్తుంది. ఆ ఒకడు తప్పు చెబితే మిగిలినవారికి సంతోషం! తోటివాని ఓటమిలో తన గెలుపు వుండేటట్లు తరగతి నిర్మాణమే వున్నది.

ఆరన్సన్ ఆ నిర్మాణాన్ని మార్చాడు. పిల్లలను ఐదారుగురు గల చిన్న జట్లుగా చేశాడు. పాఠాన్ని అన్నే భాగాలుగా విభజించి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగం మాత్రమే ఇచ్చాడు. ఒకే భాగం అందుకున్న వివిధ జట్లవారు ముందుగా ఒకచోట చేరి దానిని బాగుగా చర్చించుకుంటారు. పిమ్మట ఎవరి జట్టుకు వారు తిరిగి వచ్చి తమ భాగాన్ని మిగిలినవారికి బోధిస్తారు. చివర పరీక్ష పాఠమంతటి మీద వుంటుంది. ఎవరి పరీక్ష వారిదే. బొమ్మను ముక్కలుగా కోసి తిరిగి కూర్చే ఆట వంటిది కనుక దీనికి ఆ ఆట పేరే పెట్టారు. ఏ ఒక్క ముక్క పోయినా బొమ్మ పూర్తికాదు.

ఒక జట్టులో జరిగినదానిని ఆరన్సన్ తరచు ఉదాహరించేవాడు. కార్లోస్ అని ఆయన మారుపేరుతో పిలిచిన బాలునికి ఇంటిభాష స్పానిష్. ఇంగ్లీషు తడబడుతూ వచ్చేది. ఆ రోజు పాఠం జోసెఫ్ పులిట్జర్ జీవితం. తన వంతు రాగానే కార్లోస్ నట్టాడు, ఆగిపోయాడు. తోటివారు ఎగతాళి చేశారు. అక్కడున్న సహాయకురాలు వారిని తిట్టలేదు, నీతి చెప్పలేదు. ఇలా ఎగతాళి చేసినందువల్ల పులిట్జర్ జీవితంలోని ఆ భాగం మీకు తెలియదని, పరీక్ష త్వరలోనే వున్నదని మాత్రం గుర్తుచేసింది. ఎగతాళివలన లాభం లేదని, కార్లోస్‌కు తెలిసినది తమకు అవసరమని పిల్లలకు బోధపడింది. కొద్దిరోజులలో వారు చిన్న చిన్న ప్రశ్నలు వేసి అతని నుండి సమాధానం రాబట్టడం నేర్చుకున్నారు. ప్రశ్న సరిగా వుంటే కార్లోస్ సరిగా జవాబు చెప్పేవాడు. అతడు తామనుకున్నంత మందమతి కాడని వారు గ్రహించారు. వారి ధోరణి మారినకొద్దీ అతని బెరుకు తగ్గింది. పులిట్జర్ సైతం 1864లో హంగేరీనుండి అమెరికా చేరిననాడు ఇంగ్లీషు సరిగా రానివాడే. ఆ పాఠమే కార్లోస్ చేత చెప్పించుట ఎంత సముచితంగా అమరింది!

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. మొదట మారినవాడు కార్లోస్ కాదు. అతనిని ప్రశ్నించే తీరు మారింది. ఎదుటివానిని మాట్లాడించగల ప్రశ్న వేయుట ఒక విద్య. అది నేర్చుకున్నవారు తోటి పిల్లలు.

మన తరగతి గదిలో

మన బడులలో ఈ పద్ధతికి ప్రత్యేకమైన ఖర్చేమీ లేదు. కాగితం, కత్తెర చాలును. ఉదాహరణకు హైదరాబాదు మూసీ వరదల పాఠాన్ని తీసుకుందాము. దానిని ఐదు భాగాలు చేయవచ్చును. ఒకటి, 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద. రెండు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు, దాని కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్న వైనం. మూడు, 1909లో నిజాం ప్రభుత్వం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనలు. నాలుగు, 1920లో మూసీ మీద పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అనగా గండిపేట చెరువు. ఐదు, 1927లో ఈసీ నది మీద పూర్తయిన హిమాయత్‌సాగర్.

పెంకివాడని పేరుపడిన పిల్లవానికి ఏ భాగం ఇవ్వాలి? జాలితో అన్నిటికన్న చిన్నది ఇచ్చుట తగదు. అది అతనిని మరొకమారు తక్కువచేయడమే. చింతచెట్టు కథ ఇవ్వవచ్చును. తోటి పిల్లలు వినగోరేది, అతడు చెప్పగలిగేది అయిన భాగం అది. అతడు చెప్పబోయే విషయాన్ని ముందురోజు ఉపాధ్యాయుడు ఒకమారు విని సరిదిద్దుట మంచిది. జట్టులో అతనికి బద్ధశత్రువును గాని, అతడు ఏమన్నా నవ్వే ఆప్తమిత్రుని గాని మొదటి వారాలలో వేయరాదు. ఒక్కనాటి పాఠంతో అద్భుతాలను ఆశించరాదు. వారానికి రెండు మూడు మారులైనా, కొన్ని నెలలపాటు నడవాలి.

ఉర్దూ ఇంటిభాషగా గల పిల్లలు తెలుగు మాధ్యమంలో, తెలుగు ఇంటిభాషగా గల పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదివే మన ఊళ్ళలో కార్లోస్‌లకు కొదవలేదు. అర్థంకాని భాషలో రోజుకు ఆరు గంటలు మౌనంగా కూర్చోవలసిన పిల్లవాడు కొంతకాలానికి అల్లరివాడైతే ఆశ్చర్యమేమి? జట్టులో అతడు చెప్పవలసినదాన్ని ముందు తన భాషలో చెప్పి, పిమ్మట తోటివారి సహాయంతో పాఠ్యభాషలో చెప్పే వీలు కల్పించాలి.

పిల్లవాని బాధ్యత

తప్పంతా తరగతిదేననుట కూడ సత్యదూరం. జాన్ కోయీ, జానిస్ కూపర్‌స్మిట్ 1983లో ప్రకటించిన అధ్యయనంలో, తమ తరగతిలో వెలివేయబడిన బాలురను ముఖపరిచయంలేని పిల్లలతో కొత్త ఆటజట్లలో చేర్చి చూచారు. కొద్ది రోజులలోనే అక్కడ కూడ వారిలో పలువురికి పాత స్థానమే దక్కింది. అనగా పేరును తుడిచివేసినంత మాత్రాన చాలదు. పిల్లవాడు కొన్ని నేర్వాలి. వంతు కోసం ఆగుట, ఓటమిని సహించుట, ఆటలోకి త్రోసుకొని రాక అడిగి చేరుట వంటివి ఒక్కొక్కటిగా, విడిగా పిలిచి, మందలింపు లేకుండా నేర్పదగినవి.

అయితే మరుసటి సంవత్సరం, 1984లో, కోయీ, జినా క్రేబీల్ ప్రకటించిన పరిశోధన ఉపాధ్యాయులకు ఎంతో ఉపకరించేది. చదువులో వెనుకబడి, తోటివారిచేత త్రోసివేయబడిన నాలుగవ తరగతి పిల్లలలో కొందరికి మెలగే తీరు నేర్పారు. కొందరికి చదువులో ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. తోటివారి ఆదరణ నిలకడగా పెరిగింది చదువులో సహాయం పొందినవారికే. పాఠం అర్థమైన పిల్లవానికి తరగతిలో చేయడానికి పని వుంటుంది. పని వున్నవానికి పక్కవానిని గిల్లే అవసరం తగ్గుతుంది. పిల్లవానిపై ముద్రవేయుటకు ముందు అతని చూపు, వినికిడి సరిగా వున్నవో లేవో, ప్రొద్దున ఏమైనా తిని వచ్చాడో లేదో విచారించుట కూడ ఉపాధ్యాయుని ధర్మం. నల్లబల్ల కనబడనివాడు కుదురుగా కూర్చోలేడు.

హద్దులు

ఈ పద్ధతులన్నిటికీ ఒక హద్దున్నది. చిరాకు కలిగించే సహపాఠి వేరు. బలహీనుని ఎన్నుకొని మరల మరల హింసించేవాడు వేరు. నార్వే దేశంలో 1982లో ముగ్గురు బాలుర ఆత్మహత్యలకు తోటివారి వేధింపులు కారణమని భావించిన పిమ్మట, 1983లో ప్రభుత్వం దేశవ్యాప్తంగా బడులలో వేధింపుల నివారణకు పూనుకున్నది. డాన్ ఓల్వేయస్ అనే పరిశోధకుడు ఆ కృషికి మార్గం చూపాడు. ఒకే పిల్లవానిపై పదేపదే సాగుట, ఇరువురి బలాబలాలలో తేడా వుండుట వేధింపుకు గుర్తులని ఆయన వివరించాడు. అట్టి చోట “మీరిద్దరూ చేతులు కలపండి” అనుట అన్యాయం. దెబ్బ తిన్నవాని రక్షణ ముందు. పెద్దలు వెంటనే అడ్డుపడాలి. సర్దుకుపొమ్మన్న భారాన్ని బాధితుని మీద మోపరాదు.

మరొక మాట. ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరినీ ప్రేమించాలని పిల్లలను నిర్బంధించరాదు. ఆప్తమిత్రుని ఎంచుకొనే స్వేచ్ఛ పిల్లవానిది. కాని వరుసలో చోటు, ఆటలో వంతు, జట్టులో పని – ఇవి ఇష్టాయిష్టాల మీద ఆధారపడరాదు. “నీవు నాకు ఇష్టం కాకపోవచ్చును, అయినా నీ వంతు నీకు దక్కుతుంది” అన్న భావన చిన్ననాడే నాటుకోవాలి. పౌరధర్మమన్నది ఇదే.

బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైంది. దాని 17వ సెక్షను పిల్లలను కొట్టుటను, మానసికంగా వేధించుటను నిషేధించింది. ప్రాథమిక విద్య ముగియువరకు ఏ పిల్లవానిని బడినుండి వెళ్ళగొట్టరాదని 16వ సెక్షను చెబుతున్నది; 2019 సవరణ కూడ ఈ నిషేధాన్ని నిలిపివుంచింది. 2014లో సుప్రీంకోర్టు అల్పసంఖ్యాక వర్గాల పాఠశాలలకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అది సంస్థల నిర్వహణ స్వేచ్ఛకు సంబంధించిన విషయం. పిల్లవాని వీపుకు గల విలువ బడిని బట్టి మారదు. చట్టం వర్తించినా వర్తించకున్నా, సాటివాని నడుమ చిన్నచూపుకు గురియగుట ఎట్టిదో ఎరిగిన అల్పసంఖ్యాక విద్యాసంస్థలు ఈ విషయంలో ముందు నడవడం శోభస్కరం.

ముగింపు

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతను మనం సాధారణంగా అల్లరి పిల్లవానిని దండించే సందర్భంలో వాడుతాము. దానిని మిగిలిన 39 మందికి కూడ అన్వయించవలసి వున్నది. తమకు నచ్చనివానిని వెళ్ళగొట్టుటయే పరిష్కారమని బాల్యంలో నేర్చినవారు, పెద్దవారైన తరువాత వీధినుండి, ఊరినుండి మనుషులను వెళ్ళగొట్టుటకు వెనుదీయరు. నచ్చనివాని వద్ద కూడ తమకు కావలసిన ముక్క ఒకటున్నదని తెలుసుకొని, దానిని మర్యాదగా అడిగి తీసుకొనుట నేర్చినవారు ఎక్కడకు వెళ్ళినా నలుగురితో కలిసి పని చేయగలుగుతారు.

రేపు ఉపాధ్యాయులు కాబోయే మన విద్యార్థినీ విద్యార్థులకు మనవి. మీ తరగతిలో అట్టి పిల్లవాడు తప్పక ఎదురవుతాడు. అతనిని మొదటి వారంలోనే వెనుక బల్లకు పంపివేయకండి. ఒక చిన్న జట్టులో కూర్చోబెట్టి, పాఠంలో ఒక మంచి ముక్క అతని చేతికివ్వండి. అతడు చెప్పేది ఓపికగా వినుట, సరియైన ప్రశ్న వేయుట తోటివారికి నేర్పండి. అందరికీ ఒకేసారి ఫలితం కనబడకపోవచ్చును. కాని ఆ తరగతిలోని ప్రతి పిల్లవానికి, పాఠ్యపుస్తకంలో లేని పాఠం ఒకటి ఆనాటినుండి మొదలవుతుంది.